తిరుగుదారి చెప్పని సాయంత్రం

తూర్పు కొండల్లో, ఒక వాగుకు ఎగువనున్న వాలు మీద ఎగిరే ఉడుతలు కొన్ని కాపురం ఉండేవి. ఎగిరే ఉడుతలన్నది మిగతా జంతువులు పెట్టిన పేరు. నిజానికి వాటికి ఎగరడం రాదు. ముంజేతి నుంచి చీలమండ దాకా రెండు పక్కలా వదులుగా చర్మం వేలాడుతూ ఉంటుంది. చెట్టు చివరికి ఎక్కి నాలుగు కాళ్లూ చాపి దూకితే ఆ చర్మం ఆరేసిన దుప్పటిలా బిగుసుకుంటుంది. కింది నుంచి గాలి దాన్ని ఆపుతుంది. దాంతో ఉడుత నిలువునా పడకుండా ఏటవాలుగా జారుతుంది. పక్కలకు తిరగడానికి తోక ఉంది. అవతలి చెట్టు దగ్గరపడగానే తల పైకెత్తి, ఒళ్లు నిలువుగా చేసి, వేగం చంపుకుని మాను మీద వాలుతుంది. వాలిన మరుక్షణం మాను చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోతుంది. వెనకాల గుడ్లగూబ వస్తూ ఉంటే దాని గోళ్లకు బెరడు తప్ప ఏమీ దొరకకూడదు.

ఒక బార ఎత్తు వదులుకుంటే మూడు బారల దూరం వస్తుంది, అంతకు మించి రాదు. వాలేది ఎప్పుడూ మాను అడుగునే. ఇంకోసారి దూకాలంటే మళ్లీ చివరి దాకా పాకాలి. గాలి కిందికే దింపుతుంది. పైకి పోవడానికి గోళ్లు తప్ప వేరే ఉపాయం లేదు.

అందుకని ఆ వాలు మీద వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. మూడు దూకుల్లో దిగిపోయిన చోటు నుంచి ఇల్లు చేరాలంటే తొమ్మిది చెట్లు ఎక్కాలి, ఆ తొమ్మిదీ ఒకదానికొకటి అందేంత దగ్గరలో ఉండాలి. గాలివానకు ఒక చెట్టు ఒరిగినా దారి తెగిపోతుంది. ఈ భయంతోనే పూర్వం ఎవరో ఒక ఆచారం పెట్టారు. మునిమాపు వేళ మొదటి దూకుకు ముందు, అందరినీ ముందుండి నడిపే దారిపెద్ద కొమ్మ చివర నిలబడి తిరుగుదారి పైకి చెప్పాలి. ఫలానా ఇప్ప, దాని మీంచి ఏగిస, ఏగిస మీంచి జంట టేకులు, అక్కణ్ణుంచి నేరేడు, అలా ఇంటి తొర్ర దాకా. వెనకున్నవాళ్లు ఒక్కో చెట్టు పేరూ తిరిగి అనాలి. అదంతా అయ్యాకే కాళ్లు చాపాలి. రోజూ పోయే చోటికైనా సరే, నిన్న వచ్చిన దారైనా సరే, చెప్పి తీరాలి.

అప్పట్లో దారిపెద్ద బోడయ్య. తొమ్మిది వానాకాలాలు చూసినవాడు. దూకే ముందు ఎగిరే ఉడుతలు తలను పక్కలకూ పైకీ కిందికీ ఊపి దూరం కొలుచుకుంటాయి. ఆ కొలతలో బోడయ్య తప్పిన రోజు లేదు. ఎవరైనా ఎక్కువసార్లు ఊపితే, మూడుసార్లు చాలురా, నాలుగోది భయానికి, అని ఎగతాళి చేసేవాడు. అతనిలో ఎంచదగ్గ లోపం ఒక్కటే. ఎగిరేవాడని ఎవరైనా అంటే, కాదని దిద్దేవాడు కాదు.

ఆ ఏడు ఫాల్గుణంలో వాగు ఒడ్డున పోడు కోసం పెట్టిన మంట అదుపు తప్పి కొండ మీదికి పాకింది. అక్కడ పెద్ద మానులు నిలబడ్డాయి కాని చిగుళ్లు మాడిపోయాయి, పూత రాలిపోయింది. నెల తిరిగేసరికి ఉడుతలు బెరడు కొరుక్కుని బతుకుతున్నాయి. పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. ఇబ్బందల్లా పైడమ్మతో వచ్చింది.

పైడమ్మ బోడయ్యకు మేనకోడలు. ఆమె మొగుణ్ణి మాఘంలో గుడ్లగూబ ఎత్తుకుపోయింది. అతను పోయాక పుట్టిన కూనకు పద్దెనిమిది రోజులు, ఇంకా కళ్లు తెరవలేదు. తాని చెట్టు తొర్రలో సూరమ్మ అనే ముసలి ఉడుత ఒళ్లో దాన్ని పడుకోబెట్టి, పైడమ్మ, ఆమె తమ్ముడు గౌరీసు, బోడయ్య రోజూ మేతకు పోయేవారు. రాత్రికి రెండుసార్లు వచ్చి ఆమె పాలిచ్చి వెళ్లాలి. కొన్నాళ్లుగా పాలు పడటం లేదు. కూన రొమ్ము పట్టి లాగి లాగి, ఏమీ రాక, గొంతు పోయేలా ఏడుస్తోంది.

ఒకరోజు పొద్దువాలుతుండగా సూరమ్మ బోడయ్యను తొర్ర దగ్గరికి పిలిచింది. ఆమెకు చూపు సరిగా లేదు. చేత్తో కూన పొట్ట తడిమి, ఇది వెన్నుకు అంటుకుపోయిందిరా, తల్లి కడుపు నిండా తింటే తప్ప నాలుగు రోజులు మించి ఉండదు, దారిపెద్దవి నువ్వే కదా, ఏదైనా చూడు అంది. బోడయ్య చూస్తానన్నాడు. ఎక్కడ చూడాలో అతనికి తెలియదు.

మంట వల్ల నష్టపోయినవాడు ఇంకొకడు ఉన్నాడు, నక్క. ఎలుకలు చచ్చిపోయాయి, కుందేళ్లు వాగు దాటి పోయాయి. డొక్కలు లోపలికి పోయి, రోజూ సాయంత్రం ఉడుతలు దూకే నల్లమద్ది మొదట్లో కూర్చుని పైకి చూసేవాడు. కిందికి దిగనివాళ్లతో నక్క చాలా మర్యాదగా మాట్లాడతాడు.

"బోడయ్య గారూ, నిన్న మసక చీకట్లో మీరు పోతుంటే గబ్బిలమేమో అనుకున్నాను. రెక్కలున్నవాళ్లకీ మీకూ నాకైతే తేడా తెలియడం లేదు" అన్నాడు ఆ రోజు.

నక్క మాటకు బదులివ్వకూడదని బోడయ్యకు తెలుసు, ఇవ్వలేదు. అయితే ఆ సాయంత్రం దూకవలసిన కొమ్మ మీంచి కాకుండా ఇంకో రెండు కొమ్మలు పైకి పోయి దూకాడు. గౌరీసు అది చూశాడు.

మర్నాడు మునిమాపున జోగులు వచ్చాడు. జోగులు పండ్లు తినే జాతి గబ్బిలం. నలభై మంది గుంపుకు పెద్ద. వచ్చి నల్లమద్ది కొమ్మకు తలకిందులుగా వేలాడి, రెక్కలు రెండూ ఒంటికి చుట్టుకున్నాడు.

"ఏం బోడయ్య బావా, బెరడు రుచిగా ఉందా?"

ఉందిలే, నీకేం కావాలని బోడయ్య అడిగాడు. జోగులు చెప్పిన సంగతి ఇది. వాగు ఒడ్డున పోడు మధ్యలో జువ్విచెట్టు ఒకటి మిగిలింది. మంట దాని పక్కనుంచి పోయిందే కాని అంటుకోలేదు. ఇప్పుడు కొమ్మ కనబడకుండా కాసింది. తమవాళ్లు వారం నుంచి తింటున్నా తరగడం లేదు. రాలిన పండ్లు నక్క ఏరుకుని తింటున్నాడు. ఇంత తిండి అక్కడ పెట్టుకుని మీరు ఇక్కడ బెరడు కొరుక్కోవడం ఏమిటని అతని ప్రశ్న.

పైడమ్మ బెరడు వదిలి దగ్గరికొచ్చింది. చాలా దూరమా అన్నా, అని అడిగింది.

"దూరమేముందమ్మా, అదిగో, కనబడుతూనే ఉంది. మీ మామలాంటివాడికి ఒక్క ఊపు. నేను పూటకు నాలుగుసార్లు పోయి వస్తున్నాను. ఆయనా నాలాగా ఎగిరేవాడే కదా."

బోడయ్య జువ్వి వైపు చూశాడు. నల్లమద్ది వాలు అంచున ఉంది. జువ్వి అడుగున, వాగు పక్కన ఉంది. మద్ది ఎత్తుకు వాలు ఎత్తు కూడా తోడవుతుంది. తల ఊపి కొలిచాడు. నూరు బారలకు కాస్త ఎక్కువ. చివరి కొమ్మ మీంచి దూకితే అందుతుంది. నిజంగానే ఒక్క ఊపు.

కొలిచినవాడు అదే దూరాన్ని కింది నుంచి పైకి కొలవలేదు. ఆ ఆలోచన రాక కాదు, వచ్చింది. వాగు ఒడ్డున మూడు పెద్ద ఇప్పచెట్లు ఉండేవని అతనికి గుర్తు. రెండేళ్ల కిందట ఆ పక్కకు పోయినప్పుడు వాటి మీదుగానే తిరిగి వచ్చాడు. పోడు కొట్టేవాళ్లు ఏ చెట్టు నరికినా ఇప్ప జోలికి పోరు. కాబట్టి అవి ఉంటాయి. మసకలో ఇక్కణ్ణుంచి కనబడటం లేదంతే. ఆ ఇప్పలు నిలబడి ఉన్నాయా అని జోగుల్ని అడిగితే సరిపోయేది. అడిగితే, ఇప్పలతో నీకేం పని అంటాడు. వెనక్కి రావడానికి చెట్లు కావాలని చెప్పాలి. చెబితే, అంటే నీకు ఎగరడం రాదా అంటాడు. తలకిందులుగా వేలాడుతూ, నవ్వుతూ అంటాడు.

బోడయ్య అడగలేదు.

ముగ్గురూ మద్ది చివరికి ఎక్కారు. జోగులు ముందే గాల్లోకి లేచి వాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. బోడయ్య కాళ్లు సర్దుకుంటుంటే పైడమ్మ మెల్లగా అంది.

"మామా, తిరుగుదారి చెప్పలేదు."

అది జోగులు చెవిన పడింది. గబ్బిలాల చెవులు చురుకు.

"తిరుగుదారా? అదేంటమ్మా, పోయినవాళ్లు రారా? బడిపిల్లల్లా పాఠం చెప్పుకుని బయల్దేరతారా మీరు?"

గౌరీసు కూడా నవ్వాడు. వయసు అలాంటిది. బోడయ్య "చెట్టు కనబడుతోంది కదా, దానికేం చెప్పేది. పద" అన్నాడు. పైడమ్మ తొర్రవైపు ఒకసారి చూసి, అతని వెనక కాళ్లు సర్దుకుంది. కూన ఏడుపు అక్కడిదాకా వినిపిస్తోంది.

అంత పొడుగు దూకు ఆ వాలు మీద ఎవరూ ఎరగరు. మామూలుగా గాల్లో ఉండేది నాలుగు గుక్కల ఊపిరి. ఇది తరగలేదు. కింద కాలిన నేల నల్లగా జారిపోతోంది, పక్కన జోగులు రెక్కలాడిస్తూ వస్తున్నాడు. బోడయ్య చర్మం గాలికి బిగిసి సన్నగా వణికింది. తన మీద తనకే గౌరవం కలిగింది. ఆ కాసేపూ తను జారుతున్నానన్న సంగతి అతను మరిచిపోయాడు. జువ్వి మాను మీదికి రాగానే ఒళ్లు నిలువు చేసి, నేలకు బారెడు ఎత్తున వాలి, చుట్టు తిరిగాడు. వెనకే పైడమ్మ, ఆ వెనక గౌరీసు క్షేమంగా వాలారు.

పండ్ల విషయంలో జోగులు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ముగ్గురూ మాట్లాడుకోకుండా తిన్నారు. పైడమ్మ రెండు చేతులతో పట్టుకుని, మూతి చుట్టూ గుజ్జు అంటుకుంటున్నా తుడుచుకోకుండా తింది. చాలా రోజుల తర్వాత ఆమె రొమ్ములు బరువెక్కాయి. కొంతసేపటికి పాలు చేపుకొచ్చి పొట్ట మీది బొచ్చు తడిసింది. ఇక పోదాం మామా, అది లేచుంటుంది అంది.

బోడయ్య జువ్వి చివరికి ఎక్కాడు. ఎక్కడానికి ఎక్కువసేపు పట్టలేదు. జువ్వి పొట్టి చెట్టు, పైకి ఎనిమిది బారలుంటే గొప్ప. కొండ వెనక నుంచి చంద్రుడు అప్పుడే వచ్చాడు. ఇప్పచెట్లు ఎక్కడున్నాయో ఆ వెలుగులో స్పష్టంగా కనబడింది. వాటిని ఎవరూ నరకలేదు. మొదలు కాలి, మూడూ నేల మీద పడి ఉన్నాయి, నల్లగా, ఒకదానిమీద ఒకటి.

నాలుగు దిక్కులా చూశాడు. వాగు అవతల ఇసుక, దాని అవతల రాళ్లు. ఇవతల బూడిద, మొడ్లు. కొండ మీద నిలబడి ఉన్న చెట్లలో అన్నిటికంటే దగ్గరది డెబ్బై బారల దూరంలో, పైకి ఉంది. జువ్వి చివర నుంచి దూకితే ఇరవై బారలు పోతాడు. మిగతా యాభై నేల మీద నడవాలి. నేల మీద ఎగిరే ఉడుత నడక ఎవరైనా చూసి ఉంటే మర్చిపోరు. పెద్దవాళ్ల పంచె చుట్టుకున్న పిల్లవాడు పరుగెత్తినట్టు, ఆ చర్మం కాళ్లకు అడ్డం పడుతూ, గెంతి గెంతి పోవాలి.

కిందికి చూశాడు. నక్క అప్పటికే వచ్చి, బూడిదలో ముందుకాళ్లు చాపి పడుకుని ఉన్నాడు.

"తిన్నారా? పండు బాగుందా?" అన్నాడు నక్క.

గౌరీసు పైనుంచి తిట్టాడు. మోసం చేశావన్నాడు. నక్కకు కోపం రాలేదు.

"మోసమేముంది బాబూ. రమ్మని నేను పిలిచానా? కొండ మీద చుట్టాలు బెరడు తింటున్నారట పాపం, ఈ చెట్టు సంగతి చెప్పకూడదా అని జోగులుతో అన్నాను, అంతే. జోగులు మంచివాడు. ఉన్న మాటే చెప్పాడు. మీకు ఎగరడం వచ్చో రాదో నేను చెప్పలేదు, అతను అడగలేదు, మీరు అనలేదు."

తర్వాత అతను మాట్లాడింది ఎవరితోనూ తగువు పెట్టుకున్నట్టు లేదు. మీరు పైనే ఉండొచ్చు, పండ్లు నెలరోజులు వస్తాయి, నాకూ రాలినవి ఉన్నాయి, తొందర లేదన్నాడు. కాకపోతే ఈ చెట్టుకు తొర్ర లేదు, తెల్లారితే కాకులొస్తాయి, ఆ పైన గద్ద వస్తుంది అన్నాడు. ఒక్క క్షణం ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు.

"మీలో ఒకరు పాలతల్లి అనుకుంటాను. ఆవిడ ఉండలేదు."

పైడమ్మ కొమ్మను కరుచుకుని కదలకుండా ఉంది.

నక్క చివరికి ఇంకొకటి చెప్పాడు. తనకున్నది ఒకటే నోరనీ, ఒకరు దొరికితే మిగతా ఇద్దరి వైపు తిరిగి చూడననీ అన్నాడు. ఆ ఒకరు ఎవరన్నది ఇంటివాళ్లు ఇంటివాళ్లు తేల్చుకోవలసిన విషయం, బయటివాణ్ణి నేనెందుకు కల్పించుకోవాలి అన్నాడు.

అంతలో జోగులు వచ్చి పక్క కొమ్మకు వేలాడాడు. నోట్లో పండు ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా? నేను ఇది మూడోసారి రావడం. పిల్లదాని కోసం పోవాలన్నారు కదా?"

గౌరీసు బోడయ్య వైపు చూశాడు. పైడమ్మ కూడా చూసింది. చెప్పమని ఆ చూపుల్లో ఉంది. దారిపెద్ద ఉండగా వాళ్లు నోరెత్తడం మర్యాద కాదు. బోడయ్య గొంతు సర్దుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎగిరేవాడినని అనిపించుకుని, ఇప్పుడు పొట్టి చెట్టు మీద కూర్చుని, కిందపడితే లేవలేను అని చెప్పాలి. 

"పండు బాగుంది. ఇంకాస్త తిని పోతాం" అన్నాడు.

సరే అయితే, అని జోగులు గాల్లోకి లేచాడు. తన గుంపుతో వాగు అవతలి వైపు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

చంద్రుడు నడినెత్తికి వచ్చి పడమటికి దిగాడు. పాలిచ్చే వేళ ఒకటి దాటింది, రెండోదీ దాటింది. కూన ఏడుపు ఇంత దూరం వినబడదు. అయినా పైడమ్మ నిమిషానికోసారి తల అటు తిప్పి వింటోంది. తూర్పున కొండ అంచు తెల్లబడుతుండగా బోడయ్య ఇద్దరినీ దగ్గరికి పిలిచి, నక్కకు వినబడకుండా తన ఉపాయం చెప్పాడు. తను వాగు వైపు దూకుతాడు. నక్క తన వెంట పడతాడు. అతను అటు తిరగగానే మీరిద్దరూ కొండ వైపు దూకి, వెనక్కి చూడకుండా పోవాలి. గౌరీసు ఒద్దనబోయాడు. బోడయ్య వినలేదు. తీసుకొచ్చింది నేను, అన్నాడు.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. వాగు వైపు కొమ్మ చివరికి పోయి నిలబడ్డాడు. ఎంత దూరం పోతే నక్క అంత దూరం వస్తాడు, వాళ్లకు అంత వ్యవధి దొరుకుతుంది. కాబట్టి బాగా కొలవాలి. తలను కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ ఊపాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

నాలుగోసారి ఊపాడు. కింద నక్క లేచి నిలబడ్డాడు. ఐదోసారి ఊపాడు. కాళ్లు కొమ్మను వదలడం లేదు. ఇంకొక్కసారి సరిగా చూసుకుని దూకుదామనుకున్నాడు. ఆరోసారి ఊపాడు. దూరంగా కాకి ఒకటి అరిచింది.

ఏడోసారి తల ఎత్తేసరికి వెనక కొమ్మ కదిలింది. పైడమ్మ ఇక ఆగలేకపోయింది. కొండ వైపు దూకేసింది.

చక్కగా దూకింది. జువ్వి లాంటి పొట్టి చెట్టు మీంచి, ఎదురు వాలులో, ఇరవై రెండు బారలు పోయింది. ఆ చెట్టు మీంచి అంతకంటే దూరం ఎవరికీ సాధ్యం కాదు. బూడిదలో వాలి, చర్మం సర్దుకుని, నాలుగు గెంతులు వేసింది. నక్క పెద్దగా పరుగెత్తను కూడా లేదు.

"దూకు మావయ్యా" అని గౌరీసు అరిచాడు. అరిచి తనే దూకాడు. అతని వెనక బోడయ్య దూకాడు, వాగు వైపు కాదు, కొండ వైపు. బూడిద కళ్లలో పడింది, ముక్కులో పడింది. యాభై బారలు గెంతి, మొదటి చెట్టు అందుకుని, మాను చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. అలా తిరగవలసిన అవసరం లేదు. నక్క మాట తప్పలేదు, వాళ్ల వైపు తిరిగి చూడలేదు.

తొర్రకు చేరేసరికి పూర్తిగా తెల్లారింది. సూరమ్మ అడుగుల చప్పుడు విన్నది. రెండే జతలు. కూన ఆమె ఒళ్లో అలసిపోయి పడుకుని ఉంది. ఎవరు రాలేదో ఆమె అడగలేదు. ఒక్కటే అడిగింది.

"తిరుగుదారి చెప్పావా?"

బోడయ్య లేదన్నాడు.

సూరమ్మ వాలు మీద ఇంకో పాలతల్లి ఎవరుందో చూసి రమ్మని గౌరీసును పంపింది. కింది మారేడు మీద ఒకామె ఉంది, ఆమెకూ పాలు అంతంతమాత్రమే. కూనను తీసుకుపోయి ఆమె దగ్గర పెట్టారు. రెండు రోజులు అది మూతి తిప్పేసుకుంది. మూడోరోజుకు ఆకలి ఎక్కువై రొమ్ము పట్టింది. బతుకుతుందో లేదో అప్పటికి ఎవరూ చెప్పలేకపోయారు. పైడమ్మ పోయిన రోజు సాయంత్రం నుంచి కొమ్మ చివర నిలబడి చెట్ల పేర్లు చెబుతున్నది గౌరీసు. వరసలో అందరికంటే వెనక నిలబడి బోడయ్య తిరిగి అంటున్నాడు. అలా నిలబడమని అతనికి ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు.

నాలుగోరోజు మునిమాపున జోగులు వచ్చాడు. ఎప్పటిలాగే నల్లమద్ది కొమ్మకు వేలాడాడు.

"ఏం బావా, మళ్లీ రాలేదే? చెట్టు నిండా పండే. మీ మేనకోడలు ఏది, ఆమెకు బాగా నచ్చినట్టుంది కదా?"

మిగతా ఉడుతలు తలలు తిప్పుకున్నాయి. గౌరీసు కొమ్మ దిగి వెళ్లిపోయాడు. బోడయ్య ఒక్కడే మిగిలాడు. పైడమ్మ ఏమైందో చెప్పాడు. అది చెప్పాక, ఇంకో మాట చెప్పడం అతను అనుకున్నంత కష్టం కాలేదు.

"మాకు ఎగరడం రాదు జోగులూ. ఎత్తు నుంచి కిందికి జారతాం, అంతే. కింది నుంచి పైకి రావాలంటే చెట్లుండాలి."

జోగులు నవ్వలేదు.  రెక్క ఒకటి విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆ రాత్రి నేను వచ్చి అడిగినప్పుడు చెప్పి ఉండొచ్చు కదా బావా. మేం నలభై మందిమి ఉన్నాం. నక్క మొహం మీద ముసురుకుంటే కళ్లు తెరవగలిగేవాడా? మీరు ముగ్గురూ నడుచుకుంటూ పోయేవాళ్లు."

 జోగులు వస్తానని చెప్పి, జువ్వి ఉన్న దిక్కుకు కాకుండా వేరే వైపు ఎగిరిపోయాడు.

నీతి: నాకు చేతకాదు అని చెప్పడానికి పెద్దగా ఉన్నవాడు సిగ్గుపడితే, ఆ సిగ్గుకు బలయ్యేది అతని వెనక వచ్చేవాళ్లు.